ఆ తెల్ల మాత్ర పేరేమిటి?

పిఠాపురం పట్టణంలోనూ, గొల్లప్రోలు, యు.కొత్తపల్లి మండలాల్లోనూ మందు చీటీ రాసే డాక్టర్లకు, మందుల షాపుల యజమానులకు, ఫార్మసిస్టులకు, పల్లెల్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీలకు,



"పేరుతో మీకేం పనండీ, వేసుకోండి, తగ్గిపోద్ది." మందు పేరు అడిగితే మన ఊళ్లో కౌంటరు అవతలి నుంచి వచ్చే జవాబు ఇది. గట్టిగా అడిగితే "డాక్టరు గారు రాసిందేనండీ" అంటారు. ఇంకాస్త గట్టిగా అడిగితే వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. ఈ జవాబును నేను ఒప్పుకోలేకపోతున్నాను. మీ నాలుగు వర్గాలవీ వేరువేరు పనులని, ఒకరి తప్పు ఇంకొకరి నెత్తిన పెట్టకూడదని నాకు తెలుసు. అయినా అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నానంటే, పేరు లేని మాత్రను మనిషి చేతిలో పెట్టే విషయంలో మీరంతా ఒక్క మాట మీదే ఉన్నారు గనక.

మా వీధిలో ఒకావిడ ఉంది. వయసు నలభై దాటలేదు. కొన్నేళ్ల కిందట ఏదో మాత్ర వికటించి ఒళ్లంతా తోలు ఊడి, వారాల తరబడి ఆసుపత్రిలో ఉండి, బతికి బయటపడింది. ఒంటి మీద మచ్చలు చాలావరకు కలిసిపోయాయి. కళ్లు మాత్రం తేరుకోలేదు. ఫ్యాను గాలి సూటిగా తగిలితే కూర్చోలేదు. రెప్పల వెంట్రుకలు లోపలికి తిరిగి కంటిపాప మీద గుచ్చుకుంటుంటే కొన్నాళ్లకోసారి పీకించుకుంటుంది. ఏడుద్దామన్నా కన్నీళ్లు ఊరవు, సీసాలోంచి చుక్కలు వేసుకోవలసిందే. ఇప్పుడు ఆవిడ జలుబుకని ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, కుర్చీలో కూర్చోగానే చెప్పే మొదటి మాట: "నాకు తెల్ల మాత్ర పడదండి."

ఏ తెల్ల మాత్ర? డిశ్చార్జి కాగితం తెచ్చి చూపించింది. "డ్రగ్ రియాక్షన్" అని ఉంది, ఏ డ్రగ్గో లేదు. రాద్దామన్నా అక్కడి డాక్టరుకు తెలిసే వీల్లేదు, ఈవిడ పొట్లంలో కట్టించుకున్న మందులు వాడింది కాబట్టి. మీ అరల్లో ఉన్న మాత్రల్లో తెల్లవి కానివి ఎన్ని? జ్వరానిదీ తెల్లగానే ఉంటుంది, ఫిట్సుదీ తెల్లగానే ఉంటుంది, యూరిక్ యాసిడ్‌దీ అంతే. ఆవిడ జీవితాంతం వేటికి భయపడాలో, వేటికి భయపడనక్కర్లేదో ఎవరు చెప్పాలి?

ఆ పొట్లం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు, కట్టేది మీరే. పాత నోటుబుక్కు కాగితమో, చిన్న బ్రౌను కవరో. అందులో ఒక పూటకు సరిపడా సరంజామా. పెద్ద తెల్ల మాత్ర ఒకటి, మధ్య గీత మీద సగానికి విరిచిన ఇంకో తెల్లది, చిన్న పసుపుపచ్చది, ఎర్రా నల్లా కలిసిన గొట్టం ఒకటి, చివర "గ్యాసుకి" ఒకటి. పైన బాల్‌పెన్నుతో పూటల లెక్క. షీటు కత్తిరించి ఇచ్చినా జరిగేది అదే. పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులో ఉండిపోతుంది, ఉత్త రేకు మనింటికి వస్తుంది. షీటు మీద ఎర్ర గీత ఉన్న మందులను డాక్టరు చీటీ లేకుండా వాడవద్దని 2016లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా ప్రచారం చేసింది. కొనేవాడికి చెప్పారు, బాగుంది. గీతను కత్తెరతో కోసేవాడికి ఎవరు చెప్పాలి?

మందు వికటించడమంటే నాలుగు దద్దుర్లు, కాస్త దురద, ఒక ఏవిల్ మాత్రతో సరి అని జనం అనుకుంటారు. చాలాసార్లు అంతే కూడా. నేను చెబుతున్నది ఆ బాపతు గురించి కాదు. స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్, దాని ముదురు రూపమైన టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్ గురించి. డాక్టర్లకు పాఠం చెప్పేటంతటివాణ్ణి కాను, మిగతావాళ్ల కోసం రెండు మాటలు. లోపలికి వెళ్లిన మందు కారణంగా ఒంట్లోని రక్షణ కణాలే చర్మం మీద తిరగబడతాయి. పైపొర చచ్చి కింది పొర నుంచి విడిపోతుంది, వేలితో పక్కకు నెడితే తడిసిన కాగితంలా జరిగిపోతుంది. ఒంట్లో పదో వంతు లోపు ఊడితే మొదటి పేరు, 30 శాతం దాటితే రెండో పేరు. నోటి లోపల, కంట్లో, మూత్రం వచ్చే దారిలో కూడా పొర లేచిపోతుంది. పెదవుల మీద నెత్తురు అట్టకడుతుంది. మంచినీళ్లు మింగుడుపడవు. పక్క మీద దుప్పటి మారుద్దామంటే ఒంటికి అంటుకుపోయి ఉంటుంది. మొదటి రకంలో చనిపోయేవారు పదిమందికి ఒకరు, అంతకన్నా తక్కువ. రెండో రకంలో పదిమందికి సుమారు ముగ్గురు.

మీరంతా చెవిన వేసుకోవలసింది దీని రోజుల లెక్క. మాత్ర వేసుకున్న పూటే ఇది రాదు. మామూలుగా నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల లోపు వస్తుంది, కొన్ని మందులతో ఎనిమిది వారాల దాకా పడుతుంది. ముందు జ్వరం, గొంతు నొప్పి, కళ్ల మంట. చర్మం మీద ఇంకా ఏమీ ఉండదు. ఆ జ్వరం చూసి ఇంటివాళ్లు పారాసెటమాలో, ఇంకో యాంటీబయాటిక్కో తెచ్చి వేస్తారు. ఒకటి రెండు రోజుల్లో ఎర్ర మచ్చలు తేలతాయి. అప్పుడు ఇంటిల్లిపాదీ నిందించేది చివరి మాత్రనే, "నిన్న రాత్రి వేసిన జ్వరం బిళ్ల వికటించింది" అని. అసలు దోషి మూడు వారాల కిందట ఫిట్సుకో, ముఖం నరాల నొప్పికో మొదలుపెట్టిన మందు కావచ్చు. దాన్ని ఎవరూ అనుమానించలేదు కాబట్టి, ఆ రోజు కూడా అది పూట తప్పకుండా కడుపులోకి వెళ్తూనే ఉంటుంది. దాని పొట్లం కాగితం ఎప్పుడో చెత్తలో కలిసిపోయింది. ఇప్పుడు చెప్పండి, కాకినాడ పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు "రెండు నెలలుగా ఏమేం మందులు వాడారమ్మా?" అని అడిగితే ఆ ఇల్లాలు ఏం చెప్పాలి? తెల్లది, పచ్చది, గొట్టం అనేనా?

డాక్టరు ఆ ప్రశ్న ఊరికే అడగడు. దోషిని గుర్తుపట్టి ఆపడమే ఈ జబ్బుకు మొదటి వైద్యం. ఫ్రాన్సులో ఇలాంటి రోగులను పరిశీలించి 2000లో ప్రచురించిన లెక్క ఒకటుంది. ఒంట్లో ఎక్కువకాలం నిలవని మందులైతే, ఒక్కో రోజు ముందుగా ఆపినకొద్దీ చావు ప్రమాదం సుమారు 30 శాతం చొప్పున తగ్గిందట. మన దగ్గర ఆ రోజులన్నీ పొట్లాల రంగులు గుర్తు తెచ్చుకోవడంలోనే గడిచిపోతున్నాయి.

ఇలా ఆసుపత్రుల్లో చేరేవాళ్లు ఎవరన్నది కూడా చూడండి. వయసు మీదపడి మంచం పట్టినవాళ్లకే ఇలాంటివి వస్తాయనుకుంటాం. మన దేశపు ఆసుపత్రుల లెక్కల్లో ఎక్కువగా కనిపించేది ఇరవైల నుంచి నలభైల దాకా ఉన్న, పనీపాటా చేసుకునే మనుషులు. వారి మధ్య పిల్లలూ ఉన్నారు. భారతీయ రోగుల మీద వచ్చిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి 2013లో చూసినప్పుడు, కారణాల్లో మొదటి స్థానం యాంటీబయాటిక్సు, ఆ కోవకు చెందిన మందులది. మూర్ఛ మందులు వాటిని దాదాపు ఒరుసుకుంటూ వచ్చాయి. ఈ రెండూ కలిస్తే నాలుగింట మూడు వంతులకు దగ్గర. ఆ తర్వాత ఒంటినొప్పుల మందులు. అంటే మన షాపుల్లో రోజూ అమ్ముడయ్యే సరుకే.

మూర్ఛ మందుల దగ్గరే పేరు విలువ ఏమిటో బాగా తెలుస్తుంది. కేరళలోని త్రిసూరు డాక్టర్లు ఏడేళ్ల కేసులు చూసి 2005లో రాసిన దాంట్లో మొదటి ముద్దాయి కార్బమజెపిన్. ఇది వికటించిన మనిషికి దాని బదులు ఫెనిటాయినో, ఫెనోబార్బిటోనో ఇస్తే మళ్లీ వికటించే ప్రమాదం చాలా ఎక్కువ, మూడూ దగ్గరి చుట్టాలు. వాల్‌ప్రోయేటు, లెవెటిరాసెటమ్ ఆ చుట్టరికంలోకి రావు. ఫలానాది పడదని కాగితం మీద ఉంటే అర్ధరాత్రి ఫిట్సుతో వచ్చినవాడికి ఏ ఇంజెక్షను ఇవ్వకూడదో డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుకైనా తెలుస్తుంది. "ఏదో ఫిట్సు మాత్ర పడలేదండి" అంటే? ఆ క్షణాన ఎవరు ఏది ఇచ్చినా చీకట్లో చెయ్యిపెట్టినట్టే కదా?

యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోపురినాల్ సంగతి వేరు. కీలు వాచదు, నొప్పి ఉండదు, మాస్టర్ హెల్త్ చెకప్ కాగితంలో యూరిక్ యాసిడ్ అంకె పక్కన నక్షత్రం గుర్తు కనబడుతుంది, అంతే, ఈ మాత్ర మొదలు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ఇది వికటించే ప్రమాదం ఎక్కువని, తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలని పుస్తకాలన్నీ చెబుతున్నాయి. కిడ్నీ జబ్బుల ఉద్దానం ఉన్న రాష్ట్రం మనది. కిడ్నీ పరీక్ష చూడకుండా ఈ మాత్ర రాయడానికి, చీటీ చూడకుండా అమ్మడానికి మనసెలా ఒప్పుతుంది?

మళ్లీమళ్లీ పెదవి మీద ఒకేచోట నల్ల మచ్చ తేలేవాళ్లను మీలో చాలామంది చూసే ఉంటారు. విరేచనాలకో, ఒంటినొప్పికో ఏదో మాత్ర వేసినప్పుడల్లా అదేచోట మండి, ఎర్రబడి, నల్లబడుతుంది. మందు వల్ల వచ్చే మచ్చే అది. ఒళ్లంతా తోలు ఊడే జబ్బుతో పోలిస్తే చిన్నదే, కానీ అలాగే వాడుకుంటూ పోతే మచ్చలు పెరిగి బొబ్బలెక్కే దాకా వెళ్లవచ్చు. "బల్లి పాకిందేమో" అంటూ పసుపు రాసుకునేవాళ్లకు, ఏ మాత్ర వల్ల ఇది వస్తోందో చెప్పే అవకాశం మొదట వచ్చేది మీకే.

ఇదంతా లక్షల్లో ఒకరికి వచ్చేదని, దాని కోసం ప్రతి పొట్లం మీద పేర్లు రాస్తూ కూర్చుంటే వ్యాపారం సాగదని మీరు అంటారు. అరుదన్నది నిజమే. పాశ్చాత్య దేశాల లెక్క ప్రకారం ఏడాదికి పది లక్షల మందిలో కొద్దిమందికే వస్తుంది. "నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్కటి చూడలేదు" అనేవాళ్లు కూడా అబద్ధం చెప్పడం లేదు. ఎలా చూస్తారు? మాత్ర కొన్నది మీ దగ్గర. మూడు వారాల తర్వాత తోలు ఊడింది ఇంట్లో. ఆటోలో తీసుకెళ్లింది కాకినాడకు, అక్కణ్ణుంచి 108లో విశాఖకు. బతికితే మొహమాటపడి మీ షాపు వైపు రారు, చనిపోతే అసలే రారు. మీ కౌంటరు దగ్గర మొదలైన కథ చివర ఏమైందో మీకు చెప్పే ఏర్పాటే లేనప్పుడు, మీరు చూడలేదన్నది సాక్ష్యం ఎలా అవుతుంది?

పైగా మన దగ్గర ఆలస్యానికి ఇంకో రెండు దారులున్నాయి. నోరు పూసి కళ్లు మండితే "వేడి చేసింది" అని సబ్జా నీళ్లు, కొబ్బరిబొండం పట్టించి రెండు రోజులు చూస్తాం. ఎర్ర మచ్చలు తేలితే "అమ్మవారు పోసింది" అని వేపమండలు పరిచి పడుకోబెడతాం. ఇందులో ఒక వింత ఉంది. అమ్మవారు పోసినప్పుడు మందులు వేయకూడదన్న ఆచారం వల్ల, దోషి మాత్ర కూడా ఆగిపోయి కొందరు బతికి ఉంటారని నా అనుమానం. ఇక్కడ మాత్రం పెద్దవాళ్లు చదువుకున్నవాళ్ల కంటే మేలే చేశారేమో. కానీ నోరు పూత, కళ్ల ఎరుపు, బొబ్బలు మూడూ కలిసి కనిపించిన మనిషిని వేపాకుల మీద ఉంచితే కళ్లు మిగలవు. మొదటి వారంలోనే కంటి డాక్టరు చూసి, అవసరమైతే కాన్పు మాయ నుంచి తీసిన పొరను కంటి మీద పరిస్తే చూపు నిలబడే అవకాశం ఉంటుంది. ఆ గడువు దాటితే రెప్ప లోపలి పొర మచ్చకట్టి, ఏళ్ల తరబడి కంటిపాపను ఒరుసుకుంటూ ఉంటుంది. హైదరాబాదు, విశాఖల్లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇలా దెబ్బతిన్న కళ్ల మీద చాలా పని చేసింది. నోటి లోపలి పొర తీసి రెప్ప అంచుకు అతుకుతారు, కంటి తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద లెన్సులు పెడతారు. అంత దూరం వెళ్లాలన్న సంగతి మా వీధి ఆవిడకు చెప్పినవాళ్లే లేరు.

ఆర్‌ఎంపీ గారూ, ఒక్క మాట మీతో. రాత్రి పదకొండింటికి ఉప్పాడ తీరంలో పిల్లాడికి జ్వరం కాస్తే తలుపు తీసేది మీరే, అది కాదనను. మచ్చలు తేలిన మనిషికి మీరు చేసే మొదటి పని ఏవిల్, డెకడ్రాన్ అనే స్టెరాయిడ్ కలిపి ఒక సూది. మామూలు దద్దుర్లకు అది పనిచేస్తుంది కాబట్టి అన్నిటికీ అదే అలవాటైంది. ఈ జబ్బులో స్టెరాయిడ్ వాడాలా వద్దా, ఎంత, ఎన్నాళ్లు అని పెద్దాసుపత్రుల్లో చర్మవైద్య నిపుణులే ఆచితూచి నిర్ణయిస్తారు. మీ సూదితో ఒక పూట ఉపశమనంలా కనబడి ఆ పూట పోతుంది. నోట్లో పుండు, కంట్లో ఎరుపు, చర్మం ముట్టుకుంటే నొప్పి ఉంటే సూది పక్కనపెట్టి, వాడుతున్న మందులన్నీ సంచిలో వేయించి కాకినాడ బస్సెక్కించడానికి మీకున్న అడ్డేమిటి?

ఈ సందర్భంలో కోల్‌కతా కేసు మీ అందరికీ గుర్తుచేయాలి. 1998లో అమెరికా నుంచి సొంతూరికి వచ్చిన అనురాధా సాహా అనే ఆవిడకు చర్మం మీద మచ్చలు తేలాయి. అక్కడి డాక్టరు డెపో-మెడ్రాల్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షనును రోజుకు రెండుసార్లు రాశాడు. అది వారాల తరబడి ఒంట్లో నిలిచే మందు, అలా వాడకూడనిది. జబ్బు టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్ అని తేలాక ముంబయికి తరలించారు. మే 28న చనిపోయింది. భర్త కునాల్ సాహా స్వయంగా డాక్టరు. పదిహేనేళ్లు కోర్టుల చుట్టూ తిరిగితే, 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు 5.96 కోట్ల రూపాయలు, పైన వడ్డీ ఇమ్మంది. వైద్య నిర్లక్ష్యానికి అంత పెద్ద పరిహారం అప్పటిదాకా మన దేశంలో లేదు. భర్త డాక్టరు కాబట్టి ఏ మందు, ఎంత మోతాదు, ఏ రోజు అని కాగితాలతో నిలబడగలిగాడు. అదే జబ్బుతో యు.కొత్తపల్లి నేతగాడి భార్య పోతే, ఆయన చేతిలో ఏ కాగితం ఉంటుంది?

చట్టంలో లేదని అనకండి. చీటీ మీద అమ్మే మందుకు దాని పేరు, బ్యాచ్ నంబరు, రోగి పేరు, రాసిన డాక్టరు పేరు నమోదు కావాలని 1945 నాటి ఔషధ నిబంధనల్లో 65వది చెబుతోంది. డాక్టర్లు మందును జనరిక్ పేరుతో, చదవడానికి వీలుగా, వీలైతే ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధన మార్చింది. ఇది నేను కోరుతున్న కొత్త సౌకర్యం కాదు, పాత బాకీ.

పేదవాడికి పేరు రాసిస్తే ఏం చదువుకుంటాడన్న మాట కూడా విన్నాను. దానికి జవాబు మన పాత ఉమ్మడి జిల్లాలోనే ఉంది. తూర్పు గోదావరి ఒకప్పుడు హెచ్‌ఐవీ బాగా ఉన్న జిల్లాల్లో ఒకటి. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మొదటి వరుసలో నెవిరపిన్ ఉండేది. సరిగ్గా ఈ చర్మం ఊడే జబ్బుకు పేరుబడ్డ మందు అది. అందుకే మొదటి 14 రోజులు సగం మోతాదే ఇచ్చేవారు. "ఒంటి మీద దద్దు కనబడితే మర్నాటిదాకా ఆగొద్దు, వచ్చేయ్" అని కౌన్సెలరు చెప్పేవాడు. రోగి చేతికి ఒక పుస్తకం ఇచ్చి మందు వివరం అందులో రాసేవారు. ఊళ్లో మొహం చూపించడానికే భయపడే మనుషులకు, లారీ క్లీనర్లకు, చదువురాని వితంతువులకు ఇది చేయగలిగారు. దర్జాగా ఏసీ పెట్టుకుని అద్దాల తలుపులు బిగించుకున్న మన మందుల షాపులకు చేతకాదా?

బయటి దేశాల్లో ఇంకా ముందుకు పోయారు. థాయిలాండులో మందు వికటించినవాళ్లకు ఆసుపత్రి ఫార్మసిస్టే కార్డు రాసిస్తాడు, అది జేబులో పెట్టుకుని తిరుగుతారు. తైవానులో కార్బమజెపిన్ మొదలుపెట్టే ముందు ఒక జన్యు పరీక్ష చేశారు. 23 ఆసుపత్రుల్లో 4,877 మందిని పరీక్షించి, ప్రమాదమున్నవాళ్లకు వేరే మందు ఇచ్చారు. ఒక్కరికి కూడా తోలు ఊడలేదని 2011లో ప్రకటించారు. ఆ పరీక్ష రేపే పిఠాపురంలో పెట్టమని నేను అడగడం లేదు. కార్డు మాత్రం అట్టముక్క, పెన్ను ఉంటే చాలు.

మన దేశంలో కూడా చెప్పుకునే చోటు ఉంది. 2010లో మొదలైన మందుల భద్రతా కార్యక్రమాన్ని 2011 నుంచి ఘాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. మామూలు మనుషులు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. మందు వికటించిందని రాసి పంపితే, రాసినవాళ్లు తప్పు ఒప్పుకున్నట్టు కాదని ఆ కార్యక్రమమే చెబుతోంది. కేసు వేస్తారేమో అన్న మీ భయానికి అక్కడే సమాధానం ఉంది. ఆ నంబరు మీలో ఎంతమంది షాపు గోడ మీద ఉంది? 2023 నవంబరు 30న అదే కమిషన్ మెఫెనమిక్ యాసిడ్ గురించి హెచ్చరిక జారీ చేసింది. జ్వరం, దద్దుర్లు, లోపలి అవయవాల వాపు కలిసి వచ్చే "డ్రెస్" అనే ప్రమాదకరమైన రియాక్షను దానితో రావచ్చని, కనిపెట్టి ఉండమని. నెలసరి నొప్పికని కాలేజీ ఆడపిల్లలు మెఫ్తాల్ అడిగి కొనుక్కునేది దాన్నే. ఆ హెచ్చరిక తర్వాత, అడిగిన పిల్లల్లో ఎవరితోనైనా "అమ్మా, వాడాక ఒంటి మీద దద్దు వస్తే వెంటనే డాక్టరుకు చూపించు" అని చెప్పారా?

సూర్యరాయాంధ్ర నిఘంటువుకు డబ్బు పెట్టింది మన పిఠాపురం మహారాజు. తెలుగు మాటలన్నిటినీ ఏరి, పేరుపేరునా అర్థాలు రాయించి 1936లో మొదటి సంపుటం తెచ్చారు. ఆ సంస్థానం ఉన్న ఊళ్లో అయిదు మాత్రల పేర్లు రాయడానికి తీరిక లేదనడం కాస్త సిగ్గుగా ఉంటుంది. సరే, ఎత్తిపొడుపు పక్కన పెడదాం.

నేను అడుగుతున్నది చిన్న సంగతి. డాక్టరు గారూ, మందు వికటించినట్టు మీకు అనుమానం వస్తే చీటీ మీద ఎర్ర సిరాతో మందు జనరిక్ పేరు, మొదలుపెట్టిన తేదీ, ఏం జరిగిందీ రాయండి. పక్కనే ఆ మందు చుట్టాల పేర్లు కూడా రాయండి. ఏదో కచ్చితంగా తెలియకపోతే అనుమానమున్నవన్నీ రాయండి. అనుమానం రాయడం తప్పు కాదు, ఖాళీగా వదలడం తప్పు. తెలుగులో రాస్తే ఇంకా మేలు, ఎందుకంటే అది ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల చదివి చెబుతుంది.

షాపు యజమానులకు: షీటు కత్తిరించవలసి వస్తే పేరున్న వైపు నుంచి ఇవ్వండి. ఒక షీటులో అన్ని ముక్కలకూ పేరు రాదంటారా, కవరు మీద రాయండి. ఒక చీటీలో మూడో నాలుగో మందులుంటాయి, రాయడానికి టీ తాగేంత సమయం కూడా పట్టదు. కొత్తగా మూర్ఛ మందో, అల్లోపురినాలో, సల్ఫా మందో అమ్మేటప్పుడు "ఇదివరకు ఏ మందైనా పడలేదా?" అని ఒక్క ప్రశ్న వేయండి. పొట్లాలు కట్టే ఆర్‌ఎంపీలను పొట్లాలు మానమని అడిగితే వెంటనే మానతారన్న భ్రమ నాకు లేదు. కట్టండి, లోపల ఏముందో పైన రాయండి. రాయడానికి ఇష్టపడని మాత్ర ఏదైనా అందులో ఉంటే, అది అసలు అక్కడ ఎందుకుంది?

ఇక మన 30 పడకల సీహెచ్‌సీని 100 పడకల ఏరియా ఆసుపత్రిగా పెంచుతున్నారు. కొత్త భవనం, కొత్త పరికరాలు వస్తాయి, సంతోషం. అక్కడికి రాబోయే వైద్యులు కూడా ఈ ఉత్తరం తమకు రాసిందే అనుకోవాలి. ఓపీ చీటీ అచ్చు వేయించేటప్పుడు పైన "పడని మందులు" అని ఒక గడి పెట్టించండి. దానికి విడిగా బడ్జెట్టు అక్కర్లేదు, ఎలాగూ అచ్చు వేయించాలి.

ఏటా సెప్టెంబరు 17 నుంచి 23 దాకా దేశమంతా మందుల భద్రతా వారోత్సవం జరుపుతున్నారు. వైద్య కళాశాలల్లో బ్యానర్లు, ఉపన్యాసాలు ఉంటాయి. మన ఊళ్లో ఆ వారం ఉపన్యాసాలు వద్దు. మందుల షాపుల సంఘం వారు అట్ట కార్డులు కొట్టించి, గోడ మీద టోల్‌ఫ్రీ నంబరు అంటించి, ఆ వారంలో కొన్న ప్రతి మందు పేరు కవరు మీద రాసి ఇవ్వండి. వారం చేసి చూడండి. వ్యాపారం నిజంగా ఆగిపోతే లెక్కలతో చెప్పండి. కుదరదనుకునేవాళ్లు ఎందుకు కుదరదో ఈ పత్రికకే రాయండి. నేను చదువుతాను, జవాబూ ఇస్తాను.

ఇట్లు,
మీ దగ్గరే మందులు కొనే ఒక పిఠాపురం పౌరుడు